పాపకి బస్సు లేదన్నారు, బాబుకి పెట్రోలు డబ్బులిస్తామన్నారు: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం ఇంగ్లండ్‌లో ఒక చిన్న టౌన్ పక్కన పల్లెలో ఉంటున్నాం, పేరు వద్దులెండి. స్కిల్డ్ వర్కర్ వీసా. మా ఆయన పొద్దున్నే ఆరున్నర ట్రైన్‌కి లండన్ వెళ్లిపోతారు, నేను కేర్ హోమ్‌లో షిఫ్టులు చేస్తాను. పాపకి 11 ఏళ్లు, సెప్టెంబర్‌లో ఇయర్ 7. మాకు అన్నిటికన్నా దగ్గర సెకండరీ స్కూలే వచ్చింది, కానీ కారులో వెళ్తే 3.3 మైళ్లు. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) వాళ్లు పొలాల మధ్య ఉన్న కాలిబాట మీదుగా కొలిచి 2.86 మైళ్లే, బస్సు ఇవ్వం అన్నారు. బాబుకి 7 ఏళ్లు, ఆటిజం. వాడి ఈహెచ్‌సీపీలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఏ సాయం, ఏ స్కూలు ఇవ్వాలో కౌన్సిల్ రాసిచ్చే పత్రం) రాసిన స్కూలు 5 మైళ్లు. వాడికి అర్హత ఉంది అంటూనే టాక్సీ ఇవ్వం, మీరే దింపుకోండి, మైలుకి ఇంత అని ఇస్తాం అన్నారు. ఇద్దరికీ బడి ఒకే టైమ్‌కి. ఉత్తరాలు వచ్చి 11 రోజులైంది. మా ఆయనేమో పాలసీలో అలాగే రాసుంది కదా, మళ్లీ గొడవ పెట్టుకుంటే వీసాకి ఇబ్బంది అవుతుందేమో అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. చెల్లెలనుకుని చెప్పండి.

జవాబు: చెల్లెలనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే పిలుస్తాను.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం, ఆ భయం పోకపోతే మిగతాది నీ తలకెక్కదు. మీ వీసా మీద ఉండే ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (కొన్ని ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదు) అనే షరతు యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, కౌన్సిల్ ఇల్లు లాంటి వాటి గురించి. పబ్లిక్ ఫండ్స్ అంటే ఏవేవో ఇమిగ్రేషన్ రూల్స్‌లోనే జాబితా ఉంది, అందులో పిల్లల చదువూ లేదు, బడికి తీసుకెళ్లే బస్సూ లేదు. స్కూల్ ట్రాన్స్‌పోర్ట్ విద్యా చట్టం కింద పిల్లలకి వచ్చే హక్కు. అప్పీల్ చేస్తే వీసాకి ఏమీ కాదు. ఈ ముక్క మీ ఆయనకి ఈ రాత్రే చదివి వినిపించు.

ఇక రెండో మాట, పాలసీలో రాసుంది కదా అన్నది. మీ ఆయన్ని తప్పుపట్టడం లేదు, మనం పెరిగిన తీరు అలాంటిది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఆర్టీసీ బస్ పాస్ కోసం హెడ్‌మాస్టర్ గారి చేత బోనఫైడ్ రాయించుకుని డిపో కిటికీ దగ్గర నిలబడేదాన్ని, లోపల ఉన్నాయన ‘లేదు, రేపు రా’ అంటే అదే చట్టం, ఎందుకని అడగాలన్న ఆలోచన కూడా వచ్చేది కాదు. అదే అలవాటు ఇక్కడికీ తెచ్చుకున్నాం. కానీ కౌన్సిల్ పాలసీ చట్టం కాదు చెల్లీ. అది కౌన్సిల్ వాళ్లు రాసుకున్న కాగితం. దాని పైన 1996 నాటి ఎడ్యుకేషన్ యాక్ట్ ఉంది, అందులో సెక్షన్ 508బి, షెడ్యూల్ 35బి. వాటిని ఎలా అమలు చేయాలో చెబుతూ విద్యా శాఖ 2023 జూన్‌లో ఇచ్చి 2024 జనవరిలో సవరించిన గైడెన్స్ ఉంది, కౌన్సిళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుని తీరాలి. పాలసీ చట్టం కన్నా ఉదారంగా ఉండొచ్చు, తక్కువ ఇవ్వడానికి మాత్రం వీల్లేదు.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని, ఆ గైడెన్సూ మీ కౌన్సిల్ పాలసీ రెండూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకోవడం. రెండూ గవర్నమెంట్, కౌన్సిల్ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. గైడెన్స్‌లో ‘మస్ట్’ అన్న చోటల్లా ఒక రంగు గీత పెట్టు, అది చట్టం. ‘షుడ్’ అన్న చోట ఇంకో రంగు, దాన్ని పాటించకపోతే సరైన కారణం చెప్పాలి. తర్వాత అదే విషయం పాలసీలో ఏ మాటల్లో రాశారో చూడు. ‘మస్ట్’ ఉండాల్సిన చోట పాలసీలో ‘సాధారణంగా ఇవ్వం’ అనో ‘మా ఇష్టం’ అనో కనిపిస్తే అక్కడే నీ అప్పీలు ఉంది. నేను మా వాడికోసం ఈ పని చేసినప్పుడు రెండు సాయంత్రాలు పట్టింది, అంతకుముందు ఆర్నెల్లు ఊరికే ఏడ్చాను.

ఇప్పుడు నీ రెండు ఉత్తరాలు. ఈ రెండిటి బలం ఒకటి కాదు, అది ముందే చెప్తున్నాను. బాబు కేసు గట్టిది. పాప కేసు సన్నది, కానీ వదిలేసేది కాదు. బాబుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే వాడి టాక్సీ తేలితే పొద్దున నీ చేతులు ఖాళీ అవుతాయి, పాప సమస్య సగం దానంతటదే తగ్గుతుంది.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకి చట్టం పెట్టిన నడక దూరం 2 మైళ్లు. ఎనిమిది నిండితే 3 మైళ్లు. తనకి దగ్గర్లో ఉన్న తగిన స్కూలు అంతకన్నా దూరమైతే కౌన్సిల్ ఉచితంగా చేరవేయాలి. మీ వాడికి 7, స్కూలు 5 మైళ్లు. ఈహెచ్‌సీపీలో ఆ ఒక్క స్కూలు పేరే ఉంటే వాడికి తగిన దగ్గరి స్కూలు అదే అవుతుంది. అంటే దూరం ఒక్కటే చాలు, ఆటిజం సంగతి ఎత్తకముందే వాడికి హక్కు వచ్చేసింది. దూరం తక్కువైనా సరే, వైకల్యం వల్ల నడిచి వెళ్లలేని పిల్లలకి ఆ కారణం మీదే హక్కు ఉంటుంది. రేపు వాడికి ఎనిమిది నిండాక కూడా 5 మైళ్లు 3 కన్నా ఎక్కువే కాబట్టి కంగారు లేదు.

ఒక్కటి మాత్రం ఇవాళే చూడు. ఈహెచ్‌సీపీలో చివరి భాగాల్లో సెక్షన్ ఐ (ఇంగ్లిష్ అక్షరం I) ఉంటుంది, స్కూలు పేరు రాసేది అక్కడే. అక్కడ ఒకటే పేరు ఉందా, లేక దగ్గర్లో ఇంకో స్కూలు కూడా సరిపోతుంది, ఇది తల్లిదండ్రుల ఇష్టం మీద ఇస్తున్నాం, ప్రయాణం వాళ్లే చూసుకోవాలి అని ఏమైనా రాశారా? అలా రాసి ఉంటే కథ మారిపోతుంది. అది ఖరారయ్యే రోజుల్లో ఆ వాక్యం చాలామంది గమనించరు. నువ్వు రాసిన దాన్నిబట్టి ఒకే పేరు ఉన్నట్టుంది, అయినా కళ్లతో చూసి నిర్ధారించుకో.

ఇక మైలుకి ఇంత అన్న మాట. ఇది నువ్వు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. అర్హత ఉన్న బిడ్డకి తల్లిదండ్రులే కారులో తీసుకెళ్లే ఏర్పాటు కౌన్సిల్ చేయాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, ఇది చట్టంలోనే ఉంది. బిడ్డకి అర్హత ఉందని వాళ్లే ఉత్తరంలో రాశారు, నీకు సమ్మతి లేదు, అయిపోయింది. టాక్సీయా, మినీబస్సా, తోడుగా మనిషిని పెట్టాలా అన్నది వాళ్లు చూసుకోవాలి. నువ్వు రాయాల్సింది చిన్న ఉత్తరం: నా కొడుకుకి సెక్షన్ 508బి కింద అర్హత ఉందని మీరే ఒప్పుకున్నారు, మైలేజ్ ఏర్పాటుకి నేను సమ్మతించడం లేదు, తగిన ప్రయాణ ఏర్పాటు చేయండి, సెప్టెంబర్ మొదటి రోజుకి సిద్ధంగా ఉండాలి. ఇంతే. నీ షిఫ్టులు, మీ ఆయన ట్రైను, నీ నిద్ర ఇవన్నీ ఇందులో పెట్టకు. హక్కు ఉన్న చోట జాలి అడిగితే ఎదుటివాళ్లు జాలి గురించే జవాబిస్తారు.

ఈలోగా బడి తెరిచేస్తే, ఏదో ఒకటి చేయాలి కదా అని మైలేజ్ తీసుకోవాల్సి వస్తే, ‘అప్పీల్ తేలేదాకా తాత్కాలికంగా మాత్రమే, ఇది నా సమ్మతి కాదు’ అని ఈమెయిల్‌లో రాసి తీసుకో. అప్పుడు కూడా లెక్క అడుగు: రోజుకి నువ్వు బండి నడిపేది నాలుగు ట్రిప్పులు, వెళ్లి రావడం రెండుసార్లు. వాళ్లు డబ్బులిచ్చేది నాలుగింటికా, బిడ్డ కారులో ఉన్న రెండింటికేనా?

బాబు గురించి ఇంకో కాగితం విడిగా రాయి, అప్పీల్ కోసం కాదు, ఏర్పాటు చేసేవాళ్ల కోసం. కదులుతున్న బండిలో బెల్టు తీసేస్తాడా, చప్పుడు ఎక్కువైతే ఏం చేస్తాడు, కొత్త మనిషిని చూస్తే ఎలా ఉంటాడు, మాటల్లో చెప్పగలడా, ఏం ఇస్తే కుదుటపడతాడు. తోడు మనిషి అవసరమని స్కూలు టీచర్ చేత రెండు వాక్యాలు రాయించు. బడి తెరవకముందే డ్రైవర్‌ని ఒకసారి ఇంటికి వచ్చి కలవమని అడుగు. మా వాడు మొదటి వారం డ్రైవర్ మొహం చూడలేదు, రెండో నెలకి ఆయన రావడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే కిటికీ దగ్గర నిలబడేవాడు. దారిలో ఎంతసేపు పడుతుందో కూడా అడిగి తెలుసుకో. ప్రైమరీ పిల్లలకి ఒకవైపు 45 నిమిషాలు, సెకండరీ వాళ్లకి 75 నిమిషాలు మించకూడదన్నది గైడెన్స్‌లో ఉన్న సాధారణ కొలత. ఐదు మైళ్లు వెళ్లడానికి నలుగురు పిల్లల్ని ఎక్కించుకుంటూ గంటంబావు తిప్పితే అది నీకు అడగదగ్గ విషయం.

ఇప్పుడు పాప.

పాపకి 11, కాబట్టి 3 మైళ్లు దాటాలి. వాళ్ల లెక్క 2.86. అంటే 225 మీటర్లు తక్కువ. కారు దారి 3.3 అన్నది ఇక్కడ పనికిరాదు, ఆ వాదన తీసేయి. చట్టం చూసేది నడవగలిగిన అతి దగ్గర దారి. కాకి ఎగిరినంత దూరమూ కాదు, కారు పోయే దూరమూ కాదు. పెద్దవాళ్లు అవసరమైన చోట తోడుగా ఉంటే ఆ పిల్ల ఓ మాదిరి భద్రంగా నడిచి వెళ్లగల దారి అయి ఉండాలి, అదీ కొలత. ‘తోడుగా’ అన్న మాట బాగా గుర్తుపెట్టుకో. 1986లో ఎసెక్స్ కౌంటీ కేసులో, అప్పట్లో అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది అదే: దారి నిర్మానుష్యంగా ఉంది, ఆడపిల్ల ఒంటరిగా పోలేదు అన్నది చాలదు, తోడుంటే పోగలదా అన్నదే చూడాలి అని. నాకు ఈ తీర్పు నచ్చదు. పల్లెల్లో ఉండి ఉద్యోగాలు చేసుకునే తల్లులకి ఇది చేసిన అన్యాయం నేను కళ్లారా చూశాను. అయినా చట్టం అదే, కాబట్టి దాని లోపలే నిలబడి మాట్లాడాలి.

ఇంకో చేదు మాట కూడా చెప్పాలి. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, ఇద్దరు పిల్లలవి రెండు స్కూళ్లు, ఎవరు తోడు వెళ్తారు అన్నది నీ ఉత్తరంలో ప్రధానమైన బాధ. గైడెన్స్‌లో దీని గురించే రాశారు, తల్లిదండ్రుల పని వేళలు, పిల్లలు వేర్వేరు స్కూళ్లలో ఉండటం, ఇవి వాటంతటవే సాధారణంగా సరైన కారణం కావు అని. అప్పీల్ ఉత్తరం అంతా దీని మీదే రాస్తే ఓడిపోతావు. ఒక పేరాలో చెప్పు, వదిలేయి. ‘సాధారణంగా’ అని రాశారు కాబట్టి, ప్రత్యేక పరిస్థితుల్లో చట్టం ఇవ్వమనకపోయినా తమ విచక్షణ కింద ఇచ్చే అధికారం సెక్షన్ 508సి కింద కౌన్సిల్‌కి ఉంది కాబట్టి, ఇంట్లో వైకల్యం ఉన్న తమ్ముడు ఉన్నాడన్న విషయం ఆ పేరాలో రావాలి.

నీ బలం మాత్రం ఆ దారిలోనే ఉంది. ముందు ఈమెయిల్ పెట్టి వాళ్లు కొలిచిన మ్యాప్ అడుగు, మొదలు ఎక్కడ, చివర ఎక్కడ, స్కూలు ఏ గేటు దాకా కొలిచారు అని. మా ఊళ్లో ఒకావిడ కేసులో స్కూలు వెనక గేటు దాకా కొలిచారు, ఆ గేటు పిల్లలకి తెరవనే తెరవరట. రెండోది, ఆ కాలిబాట నిజంగా పబ్లిక్ ఫుట్‌పాతేనా? పబ్లిక్ హక్కున్న కాలిబాటలన్నీ చూపించే డెఫినిటివ్ మ్యాప్ కౌన్సిల్ దగ్గర ఉంటుంది. కొన్ని బాటలు పొలం యజమాని దయతో నడవనిచ్చేవి, ఆయన ఎప్పుడైనా మూసేయొచ్చు. అలాంటిది అయితే గట్టిగా రాయి.

మూడోది, నువ్వే నడువు. పాపని వెంటపెట్టుకుని, బడి టైమ్‌కి చేరేలా, శనివారం కాదు, మామూలు బడి రోజు పొద్దున. ఫోన్‌లో ఫోటోలు తీస్తూ, టైమ్ రాసుకుంటూ వెళ్లు. వాళ్లు చూడాల్సినవి గైడెన్స్‌లోనే ఉన్నాయి: రోడ్డు వెడల్పు, పేవ్‌మెంట్ ఉందా, వాహనాల రద్దీ, వేగం, వీధి దీపాలు, కాలువలూ గుంటలూ, ఏడాదిలో వేర్వేరు కాలాల్లో బాట పరిస్థితి. చీకటి ఒక్కటే చాలదు, పేవ్‌మెంట్ లేకపోవడం ఒక్కటే చాలదు. కానీ పేవ్‌మెంట్ లేని రోడ్డు మీద వంపు తిరిగే చోట దాటాలి, బండి వస్తే పక్కకి తప్పుకోవడానికి గట్టు కూడా లేదు, ఎదురుగా వచ్చే కారు నాలుగు సెకన్ల ముందు దాకా కనపడదు అంటే అది వేరు. అక్కడ నిలబడి వీడియో తీయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ పొలం దారి ఎలా ఉంటుందో పక్కింటి వాళ్లని అడుగు, నీళ్లు నిలిచే చోటైతే పాత ఫోటోలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఆ దారిలో ఒక్క ముక్క తోడున్నా నడవడానికి భద్రం కాదని తేలితే, ఆ తర్వాతి దగ్గర దారి కొలవాలి. రోడ్డు వెంట అది 3 మైళ్లు దాటిపోతుంది. 225 మీటర్ల తేడా నీకు అనుకూలంగా తిరిగేది అక్కడే.

పాప స్కూలు మీకు అన్నిటికన్నా దగ్గర స్కూలు అన్నావు, మంచిది. అది కాకపోయి ఉంటే ఇంత మాట్లాడే పని కూడా ఉండేది కాదు. ఇది చదువుతున్న మిగతావాళ్లకి చెప్తున్నాను: సెకండరీ ఫారం అక్టోబర్ 31లోపు, ప్రైమరీ ఫారం జనవరి 15లోపు నింపేటప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఆఫ్‌స్టెడ్ (స్కూళ్లని తనిఖీ చేసే సంస్థ) రేటింగ్ గురించీ గ్రామర్ స్కూల్ (ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ స్కూలు) కటాఫ్ గురించీ గంటలు గంటలు మాట్లాడుకుంటాం, ప్రయాణం గురించి ఒక్కరూ అడగరు. దగ్గర స్కూలు పేరు ఫారంలో రాయకుండా దూరం స్కూలు రాసుకుంటే, రాసి ఉంటే దగ్గర దానిలో సీటు వచ్చేది అని తేలితే, బస్సు హక్కు పోతుంది. పరీక్ష పాసై గ్రామర్ స్కూలుకి వెళ్లినా అంతే, దానికన్నా దగ్గర్లో తగిన స్కూలు ఉంటే కౌన్సిల్ ఇవ్వాల్సిన పని లేదు. క్యాచ్‌మెంట్ స్కూలు (మీ ప్రాంతం పిల్లలకని గుర్తించిన స్కూలు) వేరు, దగ్గర స్కూలు వేరు కావచ్చు, చట్టం చూసేది దగ్గర స్కూలునే. లండన్‌లో ఉన్నవాళ్లకి ఈ బాధ తక్కువ, 16 ఏళ్లలోపు పిల్లలకి జిప్ కార్డు (అక్కడి పిల్లల ప్రయాణ పాస్) మీద బస్సు ఉచితం. వేల్స్ చట్టం వేరు, అక్కడ వయసు లెక్క లేదు, ప్రైమరీకి 2, సెకండరీకి 3.

గడువుల సంగతికొస్తే, గైడెన్స్ సిఫార్సు చేసిన పద్ధతి ఇది. నిర్ణయం అందాక 20 వర్కింగ్ డేస్‌లో మొదటి అప్పీల్ వేయాలి. ఒక సీనియర్ ఆఫీసర్ మళ్లీ చూసి 20 వర్కింగ్ డేస్‌లో జవాబిస్తారు. అప్పటికీ కాదంటే ఇంకో 20 వర్కింగ్ డేస్‌లో రెండో దశ అడగొచ్చు, 40 వర్కింగ్ డేస్‌లో మొదటి నిర్ణయంతో సంబంధం లేని ప్యానెల్ వింటుంది. అక్కడికి వెళ్లి మాట్లాడే అవకాశం ఉంటే వదులుకోకు. మీ కౌన్సిల్ గడువులు కొంచెం వేరుగా ఉండొచ్చు, ఉత్తరం చివర రాసి ఉంటాయి, అవే లెక్క. నీకు 11 రోజులైంది, శని ఆదివారాలు తీసేస్తే ఇంకా టైమ్ ఉంది, అయినా ఈ వారంలోనే పంపు. అన్ని దశలూ కలిపితే నెలలు పడుతుంది, ఆగస్టులో సగం ఆఫీసు సెలవులో ఉంటుంది. పిల్లలిద్దరికీ రెండు విడి విడి అప్పీళ్లు వేయి, ఒకే ఉత్తరంలో కలిపితే బాబు గట్టి కేసు పాప సన్న కేసులో కలిసిపోతుంది. ఫోన్‌లో ఏం మాట్లాడినా, పెట్టేసిన వెంటనే ‘మీరు ఇలా చెప్పారు’ అని ఈమెయిల్ చేయి.

ప్యానెల్ కూడా కాదంటే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వాళ్లు నిర్ణయం మంచిదా చెడ్డదా అని చూడరు, ఆ నిర్ణయానికి వచ్చిన పద్ధతిలో తప్పుందా అని చూస్తారు. దారిని సరిగ్గా పరిశీలించకుండా కంప్యూటర్ కొలతతోనే కొట్టేయడం, సమ్మతి లేకుండా మైలేజ్ అంటగట్టడం, ఇలాంటివి. అందుకే కాగితాలన్నీ దాచు.

పాప అప్పీల్ పోతే చివరి దారి ఒకటుంది. చాలా కౌన్సిళ్లు స్కూలు బస్సులో ఖాళీ సీట్లు డబ్బుకి ఇస్తాయి. అర్హత ఉన్న పిల్ల వస్తే ఆ సీటు వెనక్కి తీసుకుంటారు, కాబట్టి దాని మీద పూర్తిగా ఆధారపడలేం, కానీ మీ పల్లె మీదుగా బస్సు పోతుంటే ఇప్పుడే పేరు ఇచ్చేయి, అప్పీల్‌కి అది అడ్డం కాదు.

ఇంకొక్క సంగతి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రయాణ ఖర్చు బాగా పెరిగి చాలా కౌన్సిళ్లు పాలసీలు తిరగరాస్తున్నాయి. మార్చే ముందు బడి రోజుల్లో కనీసం 28 వర్కింగ్ డేస్ జనం అభిప్రాయం అడగాలని గైడెన్స్ చెబుతుంది. ఆ ఫారంలు నేను వరసగా మూడేళ్లు నింపాను. మనవాళ్లలో ఎంతమంది నింపారని అడిగితే మా ఊళ్లో ఇద్దరం తేలాం. మీ కౌన్సిల్‌లో అలాంటిది నడుస్తోందేమో చూడు, బస్సు కావాల్సిన తల్లి రాయకపోతే అక్కడ రాసేది బస్సు అవసరం లేనివాళ్లే.

రేపు పొద్దున షిఫ్ట్ లేకపోతే పాపని తీసుకుని ఆ దారి నడిచి రా. సాయంత్రం సెక్షన్ ఐ తీసి చూడు. అందులో ఒకటే పేరు ఉంటే బాబు ఉత్తరం రేపు రాత్రికే పంపేయి, పాపది మ్యాప్ వచ్చాక పూర్తి చేద్దువు గానీ, గడువు దాటేలా ఉంటే మ్యాప్ కోసం ఆగకుండా వేసేసి ఫోటోలు తర్వాత పంపుతానని రాయి. వాళ్లు ఏమన్నారో నాకు మళ్లీ రాయి, ప్యానెల్ దాకా వెళ్తే ఏం మాట్లాడాలో కూర్చుని సిద్ధం చేద్దాం.